ఎనుమాముల ఎరుపు

ఆ యేడు మార్చిలో
ఎనుమాముల యార్డులో మిర్చి రాశుల ముందు
నాలుగు వందల ఫొటోలు తీశాను.
ఇంటికొచ్చి చూస్తే
నాలుగు వందల ఎర్ర మరకలు.
కాయ లేదు, తొడిమె లేదు,
కుప్ప పక్కన కూచున్న మనిషి లేదు.
కెమెరా కొత్తది. ఇంకా పదకొండు కిస్తీలు.
తుమ్ములు మాత్రం వారం రోజులు మిగిలాయి.

కాజీపేటలో బోర్డులు రాసే
ఒడ్నాల సమ్మయ్య దగ్గరికి పోయింది ఫొటో కోసం కాదు.
మా స్టూడియో పేరు ఎండకు వెలిసి
"స్వరూప"లో మొదటి అక్షరం ఎగిరిపోయింది.
రేటు మాట్లాడుతూ మాట్లాడుతూ
నా ఫోన్‌లో బొమ్మ చూసి,
"ఎరుపు మీద ఎరుపు పెడితే
ఎర్రగ ఎట్ల కనవడ్తది బిడ్డా" అన్నాడు.

ఆదివారాలు పోయేదాన్ని.
మొదటి నెల రంగు ముట్టనియ్యలేదు.
ఒక వంకాయ, ఒక స్టీలు గ్లాసు, ఒక కిటికీ.
"నీడను నల్లగ పెట్టకు, నీడ గూడ రంగే."
గంటసేపు చూస్తే
వంకాయ పొట్ట మీద గోరంత ఆకాశం.
సెకనును రెండు వందల ముక్కలు చేసి
ఒక్క ముక్క చూసేది నా కెమెరా.
నేను అది కూడా చూడలేదని
ఆ కిటికీ దగ్గర తెలిసింది.

ఎరుపులో రవ్వంత ఆకుపచ్చ కలిపాడు ఒకరోజు.
చెడగొట్టాడనుకున్నాను.
అది చల్లబడి, వెనక్కి జరిగి కూచుంది.
ముందున్న ఎరుపు భగ్గుమంది.

మట్టెవాడలో యాకూబ్ పాషా షెడ్డు ఇంకో బడి.
తెల్లటి బియ్యం సంచుల మీద నెమలి, గంట, జోడెడ్లు.
రంగుకో తెర, తెరకో దెబ్బ.
పచ్చ ఆరాలి, అప్పుడే నీలం.
వెంట్రుకవాసి జరిగితే
నెమలికి రెండు మెడలు.
"మిల్లోళ్ళు మూడు రంగులకే పైసలిస్తరు మేడం,
నాలుగోది సంచిదే."
నిజమే, నెమలి కంట్లో తెలుపు ఎవరూ వేసింది కాదు,
ఎవరో ముట్టకుండా వదిలింది.

పెళ్ళికార్డుల కాలంలో మిగిలిన
లినోలియం ముక్క నా చేతికిచ్చాడు.
చెక్కిన చోటల్లా వెలుగు.
చెక్కింది మళ్ళీ అతకదు.
మొదటి అచ్చులో నా పేరు తిరగబడి వచ్చింది,
ఎడమ చూపుడువేలి మీద కోత గీత
నేరుగానే వచ్చింది.

ఆ మాఘంలో పెళ్ళిళ్ళకు పోతే
నా వేలు నెమ్మదించింది.
"ఫొటోగ్రాఫరమ్మ నిద్రపోతున్నదా?"
పెండ్లికొడుకు మేనమామ అరుస్తున్నాడు.
నేను చూస్తున్నాను:
దోసిట్లోని తలంబ్రాల పసుపు
పెండ్లిపిల్ల గడ్డం కిందికి పాకుతోంది.
ఫోకస్ లైటు ఆపమన్నాను.
తిట్టారు. ఆపారు.

మళ్ళీ మార్చి. మళ్ళీ యార్డు.
తెల్లారకముందే పోయి ఒక సంచి మీద కూచున్నాను.
హమాలీలు రెండుసార్లు లేపారు.
తాలు ఏరే కొమురమ్మ
వెలిసిన ఆకుపచ్చ కొంగు ముక్కుకు కట్టుకొని వచ్చింది.
రేకుల సందులోంచి ఎండ
రాశికి ఒక్క పక్కనే దిగింది.
కుడివైపు సగం నీడకే ఇచ్చేశాను,
యాకూబ్ సంచి తెలుపు వదిలినట్టు.
ఒక్కటి నొక్కాను.
ఆమె తుమ్మింది.
రెండోది నొక్కలేదు.

మందపాటి కాగితం మీద అచ్చు తీయించి
కాజీపేట పట్టుకుపోయాను.
సమ్మయ్య తలకిందులు చేసి చూశాడు,
చెయ్యి చాపి దూరం నుంచి చూశాడు,
"నిలవడ్డది" అన్నాడు.
వెంటనే, "బోర్డు పైసలెప్పుడిస్తవ్?"

ఇంకో కాపీ కొమురమ్మకిచ్చాను.
తన ముఖం వంక చూసుకోనేలేదు.
కుడివైపు నీడలో,
నేను ఖాళీ అనుకున్న చోట వేలు పెట్టి,
"గిదో, ఈడ తాలుకాయ ఉన్నది" అంది.

వంగి చూశాను.
కళ్ళద్దాలు తుడుచుకొని చూశాను.
ఏదీ?